ఎలుకబోను తీగా, త్రిమూర్తులు మీసమూ

నేను ఒక తీగను. ఈ మాట వినగానే మీ చూపు మల్లెపందిరి వైపు పోతుందని నాకు తెలుసు. తెలుగువాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. పూలు పూసేదీ తీగే, వీణ మీద పలికేదీ తీగే, బట్టలారేసేదీ తీగే, చివరికి ఎవరింటి అమ్మాయైనా నాజూగ్గా ఉంటే ఆ పిల్లా తీగే. వీళ్ళెవరితోనూ నాకు చుట్టరికం లేదు. నేను ఉక్కు తీగను, అందులోనూ బిరుసు జాతి. వంచబోతే కాస్త వంగినట్టు నటిస్తాను. వదిలారా, మీ చేతి మీద ఒక్కటిచ్చి మళ్ళీ నా చోటికి నేను వస్తాను. దీన్ని పొగరనేవాళ్ళున్నారు. అననివ్వండి, నాకేం నష్టం లేదు.

పుట్టినప్పుడు నేను వేలెడు లావు కడ్డీని. కార్ఖానాలో నన్ను కాల్చారు, చల్లార్చారు, సన్నటి రంధ్రంలోంచి బయటికి లాగారు. అమ్మయ్య అనుకునేలోగా అంతకంటే సన్నటి రంధ్రం చూపించారు. లాగినకొద్దీ సన్నబడ్డాను, సన్నబడినకొద్దీ బిరుసెక్కాను. అక్కడి ఇంజినీర్లు నన్ను పియానో వైరు అనేవారు. పియానో అంటే దొరల ఇళ్ళలో ఉండే పెద్ద వాద్యమనీ, దాని కడుపునిండా మా జాతి తీగలే ఉంటాయనీ వాళ్ళ మాటల్లో విన్నాను. ఇంకేం, నేను సంగీతానికే పుట్టానని మురిసిపోయాను. లారీలో చుట్టలుగా పడి వస్తున్నంతసేపూ సరిగమలు ఎలా పలకాలా అని ఆలోచించుకుంటూనే ఉన్నాను. లారీ వచ్చి రాజమండ్రిలో గవరయ్య ఇనుపకొట్టు ముందు ఆగింది. గవరయ్య నా చుట్టను కాలితో ఒకసారి తన్ని చూసి, “ఎలకబోను తీగొచ్చిందిరా, లోపల పడెయ్యండి” అన్నాడు.

అదండీ నా నామకరణం. నా ముక్కలు కోసి, మెలితిప్పి, ఎలుకల మెడ మీద టప్పున పడే బోనులకు స్ప్రింగులు చేసేవారు. నేను ఆ కొట్టులో మేకుల డబ్బాల వెనకాల పడి, నా తోబుట్టువులు ఒక్కొక్కరే ఎలుకల వేటకు పోతుంటే చూస్తూ గడిపాను.

అలాంటి రోజుల్లో ఒకాయన వచ్చాడు. కడియాల వీరభద్రరావు, బీమా ఏజెంటు. నిండైన మనిషి, పైపెదవిని పూర్తిగా కప్పేసే మీసం. ఊళ్ళో అందరి ప్రాణాలకూ భరోసా ఇచ్చే ఈయనకు ఒక పిచ్చి ఉంది. మెత్తటి చెక్కతో, థర్మాకోల్‌తో మూరెడు పొడవు విమానాలు తయారు చేసి, రిమోట్‌తో ఎగరేస్తాడు. ఎగరెయ్యడం వరకూ బాగానే ఉంది. దిగడం దగ్గరే వచ్చింది చిక్కంతా. కాళ్ళు గట్టివి కాకపోవడంతో ప్రతి విమానమూ నేల తాకగానే సాష్టాంగపడేది. ఏదో పుస్తకంలో, విమానం కాళ్ళకు పియానో వైరు వాడాలని చదివి, గవరయ్య దగ్గరికి వచ్చాడు.

“పియానో వైరుందా గవరయ్యగారూ?”

“ఏ వైరండీ?”

“పియానో.”

“అదేటండీ బాబూ, వాయించేది కదండీ! మా కాడ మేకులు, గొళ్ళేలు, బావి గిలకలు ఉంటాయండి. ఇయ్యి వాయిత్తే దెబ్బ తగులుద్ది గానీ పాట రాదండి, ఆయ్.”

మేకుల డబ్బాల వెనక నేను గిలగిల కొట్టుకున్నాను. నన్నే అయ్యా, నన్నే అడుగుతున్నాడు! కానీ మాకు నోరు లేదు కదా. వీరభద్రరావు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. “గట్టిగా ఉండాలండీ. అలాగని పెళుసుగా ఉండకూడదు. దెబ్బ తగిలితే వంగాలి, వంగి మళ్ళీ లేవాలి. ఎంత బరువేసినా కిక్కురుమనకూడదు.”

గవరయ్య గడ్డం గోక్కున్నాడు. “అయితే మీక్కావాల్సింది తీగ కాదండీ, ఇల్లరికపుటల్లుడండి.”

చివరికి ఇళ్ళు కట్టేవాళ్ళు ఇనప చువ్వలకు చుట్టే కట్టుతీగ అంటగట్టి పంపించాడు. కట్టుతీగ సంగతి నన్నడగండి. ఎటు వంచితే అటు ఉండిపోతుంది, సొంత అభిప్రాయమంటూ ఏదీ లేదు. దాని కాళ్ళ మీద నిలబెట్టిన విమానం దూడ పుట్టిన మొదటి రోజు నిలబడ్డట్టు నిలబడి, నాలుగు వైపులా జారిపోయింది.

ఆ తరువాత ఆయన చేసిన ఘనకార్యాలన్నీ ఆయన ఇంటికి చేరాక నేను విన్నవే. సైకిలు పుల్లలు ప్రయత్నించాడు, విరిగాయి. పియానో వైరన్నారు కదా, వాద్యాల కొట్టులో అయితే దొరుకుతుందని వెళితే, వాళ్ళు వీణ తీగ ఇచ్చారు. దానితో చేసిన విమానం దిగేటప్పుడు టింగుమని చక్కటి పంచమం పలికి బోర్లా పడింది. పిమ్మట ఇంట్లో గొడుగు మీద ఆయన కన్ను పడింది. ఒకనాడు ఆయన భార్య మంగతాయారు వానలో బజారుకు బయల్దేరి గొడుగు విప్పితే, అది సగం వరకే విచ్చుకుని మిగతా సగం ఆవిడ నెత్తి మీద తడిగుడ్డలా వాలింది.

“ఏవండీ, నా గొడుగు పుల్లలేవైపోయాయండీ?”

“కాళ్ళయ్యాయి తాయారూ” అన్నాడట ఆయన, ఎంతో గర్వంగా.

పందెం పుట్టింది ఈ గొడుగు దగ్గరే. మంగతాయారు అన్నగారు త్రిమూర్తులు ఆలమూరు దగ్గర రైతు, అరటికాయల వ్యాపారి. ఆయన మీసం ముందు వీరభద్రరావు మీసం పిల్లకాలవ. రెండు కొసలూ పైకి తిరిగి, నూనె రాసుకుని, ఆయన గదిలోకి వచ్చే ముందే తాను వచ్చేసేది. ఒకరోజు అరటిగెల దించడానికి వచ్చి, చెల్లెలి సగం గొడుగు చూసి త్రిమూర్తులు పకపకా నవ్వాడు.

“నీ విమానాలు ఎగురుతాయి బావా. దిగవు, పడతాయి. దిగడం వేరు, పడ్డం వేరు.”

“ఈసారి దిగుతుంది.”

“దిగితే నా మీసం తీయించేత్తాను. దిగకపోతే నీది తీయించెయ్. మీసంతో పాటు ఈ పిచ్చి కూడా వదిలెయ్యి. మళ్ళీ విమానం అన్న మాట నీ నోట రాకూడదు. దాని కాళ్ళ మీద అది నిలబడాల, అదీ షరతు.”

మీసం లేని ఏజెంటు చేతిలో ప్రాణం ఎవడు పెడతాడు చెప్పండి! అదీగాక, ఆ విమానాలు లేకపోతే వీరభద్రరావు అనే మనిషిలో మిగిలేది బీమా ఒక్కటే. ఊళ్ళో ఎవరు చచ్చిపోతారా అని లెక్కలేసుకుంటూ బతికేవాడికి ఆకాశం వంక చూసే తీరిక ఆ కాసేపే దొరికేది. మంగతాయారుకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. పైకి మాత్రం, “మీ మీసాలు తగలెయ్య, మధ్యలో నా గొడుగు పోయింది” అనేది.

పందెం ఒప్పుకుని, ఆయన మళ్ళీ గవరయ్య కొట్టుకు వచ్చాడు. అప్పుడు గవరయ్య ఎవరికో ఎలుకబోను పనితనం చూపిస్తున్నాడు. వీరభద్రరావు పరధ్యానంగా ఆ బోను మీద చెయ్యి వేశాడు. టప్! ఆయన చూపుడువేలు బోనులో ఇరుక్కుంది. కొట్లో ఉన్నవాళ్ళంతా అయ్యో అయ్యో అంటుంటే, ఈయన కళ్ళలో నీళ్ళతో ఒకటే నవ్వు.

“ఇదే! ఇదే గవరయ్యగారూ! ఈ స్ప్రింగు ఏ తీగతో చేశారు?”

“ఎలకబోను తీగండీ. లోపల చుట్టలు చుట్టలు పడుందండి. అది మీకెందుకండీ, మీ ఇంట్లో ఎలకలున్నాయాండీ?”

అలా నేను కడియాల వారింటికి చేరాను. చేరగానే నా సంగతి చెప్పకనే చెప్పాను. నన్ను కట్టిన పురికొసను ఆయన కత్తిరించాడో లేదో, చుట్టలో బిగబట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలాను. గోడ మీది క్యాలెండరు, బల్ల మీది మంచినీళ్ళ చెంబు, ఆయన కళ్ళజోడు, మూడూ మూడు దిక్కులకు పోయాయి. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన మంగతాయారు గుమ్మంలోనే నిలబడి, “ఇది తీగాండీ, పామాండీ?” అంది. ఈ ఇంట్లో నాకు గౌరవం దొరుకుతుందని అప్పుడే నమ్మకం కలిగింది.

నా మొదటి ముక్కను ఆయన గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి వంచాడు. పాపం, ఇనుమంటే కాల్చి వంచాలని ఆయన అనుకున్నాడు. వంగడం హాయిగా వంగింది, కానీ మాలో ఉన్న పంతమంతా ఆ మంటలో కరిగిపోయింది. చల్లారాక చూస్తే అచ్చం కట్టుతీగలా తయారైంది. నా ఒంట్లోని ముక్కే అలా నీరుగారిపోతే చూడలేకపోయాను. ఆయనకూ సంగతి అర్థమైంది. రెండో ముక్కను మంట జోలికి పోకుండా, ఇనప దవడలున్న పట్టుడుబల్లకు బిగించి, మోకాలు ఆనించి, చెమటలు కక్కుతూ చల్లగానే వంచాడు. ఆ రెండో ముక్కే ఇప్పుడు మీతో మాట్లాడుతున్న నేను. అటొక కాలు, ఇటొక కాలు, చివర చిన్న రబ్బరు చక్రాలు. విమానాన్ని నా మీద నిలబెట్టి, పైనుంచి అరచేత్తో నొక్కాడు. వంగాను. చెయ్యి తీశాడు. లేచాను. ఆయన నా వంక చూసిన చూపు, కూతురు మొదటిసారి లేచి నిలబడితే తండ్రి చూసే చూపు. పియానోలో ఉన్నా నన్నెవరూ అలా చూసేవారు కాదేమో.

పందెం రోజు వచ్చింది. చోటు త్రిమూర్తులు గారి కళ్ళం. నూర్పిళ్ళు అయిపోయి, పేడతో అలికిన నేల అద్దంలా ఉంది. దానికి ఒక పక్క కొండంత గడ్డిమేటు. ఊళ్ళో సగం మంది వచ్చారు. మంగలి ఏసోబు కూడా పొది పట్టుకుని వచ్చి, ఎవరిది గీయాల్సి వస్తుందో తెలియక ఇద్దరికీ నమస్కారం పెడుతూ కూర్చున్నాడు.

వీరభద్రరావు రిమోట్ చేతిలోకి తీసుకోగానే మంగతాయారు అడ్డం వచ్చింది.

“పూజ చెయ్యకుండా కొత్త బండి కదుపుతారేవిటండీ?”

“ఇది బండి కాదు తాయారూ.”

“చక్రాలున్నాయిగా!”

పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది, ముక్కు మీద గంధం బొట్టు పెట్టారు. కర్పూర హారతి థర్మాకోల్ రెక్క దగ్గరకు వచ్చినప్పుడు వీరభద్రరావు రెండు అరచేతులూ అడ్డం పెట్టి, హారతి వెనక్కి పోయాకే తీశాడు. ఆ తరువాత చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు. కారుకీ లారీకీ నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా, దీనికీ అంతే. కాకపోతే త్రిమూర్తులు తన దర్జాకు తగ్గట్టు తోటలోని కాయల్లో పెద్దవి ఏరి తెచ్చాడు. ఒక్కో కాయ నా చక్రానికి రెండింతలుంది. చక్రం నిమ్మకాయ తొక్కడం మాట అటుంచి, నిమ్మకాయే చక్రాన్ని తొక్కేలా ఉంది. తీసేద్దామని వీరభద్రరావు వంగాడు. ఊరంతా ఒక్క గొంతుతో, “తీయకూడదండీ! అపచారం!” అంది.

ఇక చేసేదేమీ లేక ఆయన రిమోట్ నొక్కి విమానం ముక్కు మీది పంకా తిప్పాడు. విమానం ముందుకు ఉరికింది. నా చక్రాలు రెండూ రెండు నిమ్మకాయలకు ఢీకొట్టాయి. వేరే తీగ అయితే అక్కడికక్కడే ముక్కు నేలకు రాసేది. నేను తోక వైపుకు వంగాను, ఇంతకుముందెన్నడూ వంగనంతగా వంగాను, కోపం వచ్చింది, ఆ కోపంతో విదిలించుకుని లేచాను. విమానం కప్పలా ఎగిరి నిమ్మకాయలు దాటి, కళ్ళం మధ్యనే గాల్లోకి లేచిపోయింది. జనం చప్పట్లు. “చూశారా నిమ్మకాయ మహిమ!” అన్నారెవరో. నా మహిమ సంగతి ఎవరూ ఎత్తలేదు.

పైనుంచి కొబ్బరి చెట్ల తలలు, అరటితోటలు, దూరాన గోదావరి కాలువ కనిపించాయి. కిందికి చూస్తే వీరభద్రరావు నోరు తెరుచుకుని, బీమా అంతా మరిచిపోయి నిలబడి ఉన్నాడు. ఇంత సంతోషపడే మనిషి మీసం తీయించి, నోరు మూయించాలని చూస్తారేమిటీ మనుషులు అనుకున్నాను.

దిగే సమయం వచ్చింది. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు దాని ఎడమ మన ఎడమే. మన వైపుకు తిరిగి వస్తున్నప్పుడు దాని ఎడమ మనకు కుడి. ఇది వీరభద్రరావుకు తెలుసు. కానీ కింద ఉన్నవాళ్ళంతా పుట్టింది మొదలు ఎడ్లబండ్లు వెనక్కి మళ్ళించినవాళ్ళు, ఎవరి ఎడమ వాళ్ళకే ఎడమ.

“ఎడమకి, ఎడమకి! కొయ్ బావా!” అని త్రిమూర్తులే అరిచాడు, పందెం సంగతి మరిచిపోయి.

“కుడికండీ! ఆయ్, కుడికి!”

“ఎవరి కుడి?”

“విమానం కుడి!”

ఊరంతా తలో దిక్కూ చూపిస్తుంటే వీరభద్రరావు కుడికి నొక్కబోయి ఎడమకి నొక్కాడు. విమానం గిరుక్కున తిరిగి, గడ్డిమేటు అవతలికి పోయి, చప్పుడు చేసింది. ఆ చప్పుడు మంచి చప్పుడు కాదు.

గడ్డిమేటు దగ్గర ఉన్నది మంగతాయారు ఒక్కతే. పంకా అంటే భయమేసి ముందే అటుగా పోయి నిలబడింది. మిగిలినవాళ్ళు చుట్టూ తిరిగి రావాలి. ఆవిడ వచ్చేసరికి విమానం ముక్కు మట్టిలో, తోక ఆకాశంలో ఉంది. నా ఎడమకాలు మోకాలి దగ్గర మెలితిరిగి కడుపు కిందికి పోయింది. ఎంత బిరుసు తీగకైనా ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు ఆ వేళ దాటిపోయింది.

మంగతాయారు అటూ ఇటూ చూసింది. ఒక్క క్షణం మాత్రమే ఆలోచించింది. విమానాన్ని ఎత్తి మట్టి దులిపి, కిందపెట్టి, నా చక్రం మీద పాదం మోపి, చీర కొంగు చేతికి చుట్టుకుని నా కాలు పట్టుకుని లాగింది. నేను ఊరుకుంటానా, వెనక్కి తన్నాను. ఆవిడ పళ్ళు బిగించి మళ్ళీ లాగింది. “నిలబడవే, నీ మొండితనం మండిపోనూ. నిలబడకపోతే ఆయనేమైపోతారో నీకు తెలుసా?” అంది, ఏడుపు గొంతుతో.

నాకు తెలుసు. నా బతుకులో ఎవరికీ లొంగనిదాన్ని, పట్టుడుబల్లకూ మోకాలికీ పెడసరంగా ఉన్నదాన్ని, ఆవిడ చేతికి లొంగాను. పూర్తిగా తిన్నగా కాకపోయినా, నిలబడే మాత్రానికి వచ్చాను. ఆవిడ నన్ను రెండు కాళ్ళ మీదా నిలబెట్టి, దూరంగా జరిగి, ఊరు దద్దరిల్లేలా కేకేసింది.

“ఏవండీ! దిగిందండీ! దాని కాళ్ళ మీద అది నిలబడే ఉందండీ!”

అప్పుడే నేను పైకి చూశాను. గడ్డిమేటు మీద ఒక తల. తొందరగా చూడాలని చుట్టూ తిరక్కుండా మేటు ఎక్కేసిన త్రిమూర్తులు. మీసం కొసలు రెండూ గడ్డి పరకల మధ్య వణుకుతున్నాయి. ఎప్పటినుంచి అక్కడున్నాడో, ఆయన మొహం చూస్తే తెలిసిపోతోంది. అంతా చూశాడు. ఒక్క మాటంటే చాలు, మీసం ఆయనకు మిగులుతుంది, ఊళ్ళో మాట నెగ్గుతుంది. ఆయన తల మెల్లగా మేటు వెనక్కి దిగిపోయింది.

కాసేపటికి అందరితో పాటు చుట్టూ తిరిగి వచ్చాడు, అప్పుడే చూస్తున్నట్టు. నన్ను చూశాడు. చెల్లెల్ని చూశాడు. ఆవిడ కళ్ళు ఎత్తలేదు. కొంగుకు మట్టి అంటి ఉంది.

“దిగింది” అన్నాడు త్రిమూర్తులు, గట్టిగా, అందరికీ వినబడేలా. “మా తాయారు చెప్పింది కదా, దిగింది. ఏసోబూ, కత్తి నూరు.”

పెద్ద పెద్ద వరదలకు చెక్కుచెదరని ఆ మీసం ఆ మధ్యాహ్నం కళ్ళం పక్కన పేపరు మీద పడింది. మీసం పోయాక త్రిమూర్తులు పైపెదవి కొత్తగా వచ్చిన చుట్టంలా ఎటు చూడాలో తెలియక బిక్కుబిక్కుమంటూ ఉంది. జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. వీరభద్రరావు మాత్రం నవ్వలేదు. ఆయన అప్పుడే నన్ను చేతిలోకి తీసుకుని మట్టి తుడుస్తున్నాడు. ఆయన బొటనవేలు నా మోకాలి దగ్గర ఆగింది. చక్కగా దిగిన విమానానికి ఆ మెలి ఎలా వచ్చిందో ఆయనకు తెలియదా? నన్ను అంగుళం అంగుళం వంచిన చెయ్యి అది. భార్య కొంగు వంక చూశాడు. మళ్ళీ నా వంక చూశాడు. ఊళ్ళో అందరికీ భరోసా ఇస్తూ తిరిగే మనిషికి, తనకెవరు భరోసాగా ఉన్నారో ఆ పూట తెలిసింది. కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

భోజనాల దగ్గర మంగతాయారు అన్నగారి విస్తట్లో నెయ్యి గరిట మీద గరిట వంచుతూనే ఉంది. పప్పు నేతిలో మునిగిపోయింది.

“చాలే తాయారూ.”

“ఇంకొక్కటన్నయ్యా.”

“సరే, వెయ్యి. మీసానికంటుద్దన్న బెంగ లేదుగా ఇయ్యాల.”

ఆవిడ నవ్వబోయి, గరిట అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపటి దాకా రాలేదు.

వీరభద్రరావు ఇప్పుడూ విమానాలు చేస్తున్నాడు. గవరయ్య కొట్టులో ఎలుకబోను తీగ వచ్చిందంటే మొదటి కబురు ఆయనకే. నన్ను మాత్రం మళ్ళీ ఎగరనివ్వలేదు. పందెం గెలిచిన విమానమని ముందుగదిలో అద్దాల బీరువా మీద నిలబెట్టారు. అప్పటి నుంచి నాకొక చిత్రమైన జీవితం పట్టింది. ఎవరైనా చుట్టాలు వస్తున్నారనగానే వీరభద్రరావు వచ్చి, నా మెలి తిరిగిన కాలు కనబడకుండా, విమానాన్ని కాస్త గోడ వైపుకు తిప్పుతాడు. ఆయన అటు వెళ్ళగానే మంగతాయారు దుమ్ము తుడిచే వంకతో వచ్చి, ఇంకాస్త తిప్పుతుంది. అరటిగెల తెచ్చిన త్రిమూర్తులు, మీసం మళ్ళీ మొలిపించుకుని మునుపటి దర్జాతోనే వచ్చి, గదిలో ఎవరూ లేరని చూసుకుని, వేలితో మరికాస్త నెడతాడు. ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ తమకొక్కరికే తెలుసనుకుంటారు.

ఇలా తిరిగి తిరిగి ఇప్పుడు విమానం ముక్కు పూర్తిగా గోడకు ఆని ఉంది. వచ్చినవాళ్ళకు తోక తప్ప ఏమీ కనబడదు. “ఇదేవిటండీ, గెలిచిన విమానం గోడకేసి తిరిగిందేం?” అని మొన్న ఎవరో అడిగారు. గాలికి తిరిగిందన్నాడు వీరభద్రరావు. దిష్టి తగలకుండా అంది మంగతాయారు. వాస్తు అన్నాడు త్రిమూర్తులు. ముగ్గురూ ఒకేసారి అన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను గోడ వైపు చూస్తూ నిలబడి ఉన్నాను. కాలు వంకరగానే ఉంది. తిన్నగా చేసుకోవాలన్న కోరిక నాకు లేదు.